బోన్ మారోలో కనపడలేదు, అయినా అదే జబ్బు

వానాకాలంలో నాకు పట్టిన జ్వరం వారం దాటినా దిగలేదు, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఊళ్లో అంతా డెంగ్యూ అన్నారు, పరీక్షలో డెంగ్యూ లేదని వచ్చింది. గుంటూరు తీసుకెళ్లేసరికి తెల్లకణాలు కూడా తగ్గాయి, ప్లీహం ఉబ్బింది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా పెరిగింది, ఇనుమును నిల్వ చేసే ఫెర్రిటిన్ అనే ప్రొటీన్ వేలల్లో ఉంది. డాక్టరుగారు హెచ్‌ఎల్‌హెచ్ అని అనుమానం అన్నారు. ఒంట్లో రక్షణ వ్యవస్థ అదుపు తప్పి, క్రిముల్ని మింగాల్సిన మాక్రోఫేజ్ కణాలు మన రక్తకణాలనే మింగేస్తాయట.

బోన్ మారో, అంటే ఎముక మజ్జ, తీసి చూడాలి అనగానే అమ్మ ఏడుపు మొదలెట్టింది, ఆ పేరు వింటే బ్లడ్ క్యాన్సరే గుర్తొస్తుంది కదా. స్టెరాయిడ్ మొదలెట్టేలోపే తీయాలన్నారు, ఎందుకంటే లుకేమియా, లింఫోమా లాంటి క్యాన్సర్లు ఉంటే స్టెరాయిడ్ వాటిని కప్పేస్తుందట.

పక్కకి తిరిగి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోమన్నారు. నడుం కింద తుంటి ఎముక దగ్గర మత్తు ఇంజక్షన్ ఇచ్చారు, చర్మం మొద్దుబారింది. సూది ఎముకలోకి దిగేటప్పుడు గట్టిగా నొక్కినట్టు అనిపించిందే గానీ నొప్పి లేదు. సిరంజితో మజ్జ లాగినప్పుడు మాత్రం కాలి దాకా జివ్వున లాగేసింది, మత్తు ఎముక లోపలికి పనిచేయదు. కొన్ని సెకన్లే, కానీ ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. గడ్డకట్టకముందే టెక్నీషియన్ అక్కడికక్కడే గాజు పలకల మీద పూసేశాడు.

రిపోర్టులో క్యాన్సర్ లేదు. కణాలు మింగుతున్న మాక్రోఫేజ్‌లూ కనపడలేదు. "అయితే ఆ జబ్బు కాదన్నమాటేగా సార్?" అన్నాడు అన్నయ్య ఆశగా. అలా అనుకోకూడదన్నారు డాక్టరుగారు. మొదట్లో మజ్జలో కనపడకపోవచ్చు, రక్తం ఎక్కించినప్పుడూ, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలోనూ ఈ జబ్బు లేకుండానే కనపడొచ్చు, అందుకే ఈ జబ్బును గుర్తించే 2004 ప్రమాణాల్లోని 8 లక్షణాల్లో మజ్జ ఒకటి మాత్రమే, ఏవైనా 5 ఉంటే చాలు, మీ చెల్లెలికి మజ్జ లెక్క లేకుండానే 5 ఉన్నాయి అని ఓపిగ్గా చెప్పారు. ఆ ఒక్క రిపోర్టు చూసి మమ్మల్ని ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే వణుకొస్తుంది.

అసలు కారణం నడుం మడతలో దొరికింది, సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు. స్క్రబ్ టైఫస్, చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, జ్వరం రెండు మూడు రోజుల్లోనే దిగింది. మొహం ఉబ్బింది, జుట్టు బాగా ఊడింది, స్టెరాయిడ్ మెల్లగా తగ్గించుకుంటూ ఆపారు. ఫెర్రిటిన్ మామూలుకి రావడానికి నెలలు పట్టింది. మళ్లీ జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ పరీక్షలు చేయించుకోమన్నారు, ఆ చీటీ పర్సులోనే ఉంచుకుంటున్నాను.