కరెంటు డబ్బాల వెనక చెప్పులేసుకున్న హంస

కాజీపేట నుంచి వరంగల్ దాకా గోడల మీద వేసిన పెద్ద పెద్ద బొమ్మల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి ముందు సెల్ఫీలు కూడా దిగారు. పేరిణి నాట్యం, బతుకమ్మ ఎత్తుకున్న ఆడబిడ్డ, కళాతోరణం. బాగానే ఉంటాయి, కాదనను, కానీ అవి బండి మీద స్పీడుగా పోతున్నా కనిపిస్తాయి. నాకు పిచ్చి పట్టింది అరచెయ్యంత బొమ్మల మీద. స్తంభానికి అంటించిన స్టిక్కరు, నో పార్కింగ్ బోర్డు వెనకాల మార్కర్‌తో గీసిన ముఖం, షట్టర్ మూలన పెయింటర్ పెట్టుకున్న సంతకం, ఇట్లాంటివి. నడిస్తేనే దొరుకుతాయి, అదీ మెల్లగా నడిస్తే.

ఎక్కడ చూడాలో ముందే చెప్పేస్తా. బోర్డుల ముందు భాగం కాదు, వెనక భాగం చూడాలి. రోడ్డు వైపు ఉన్నదంతా కోచింగ్ సెంటర్లు, ఫైనాన్స్ వాళ్లు, పుట్టినరోజు ఫ్లెక్సీలే ఆక్రమించేస్తారు కాబట్టి, పైసలు లేనివాళ్ల బొమ్మలకు మిగిలేది వెనకవైపే. కరెంటు డబ్బాల పక్కలు, ఏటీఎం పక్క సందులు, పాత బిల్డింగుల మెట్ల మలుపులు కూడా చూడాలి. (మెట్ల మలుపుల్లో పాన్ ఉమ్మకుండా వెంకటేశ్వరస్వామి, శిలువ, నెలవంక పక్కపక్కనే అతికించిన టైల్స్ ఉంటాయి, అవీ నా లెక్కలోకే వస్తాయి.) మండి బజార్, బట్టల బజార్ వైపైతే షట్టర్లు లేవకముందే పోవాలి. షట్టర్ ఎత్తితే దాని మీది రాతంతా చుట్టుకుని లోపలికి పోతుంది, ఇక రాత్రి దుకాణం కట్టేసేదాకా చూసేదేం ఉండదు.

ఆ షట్టర్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోతా. చేత్తో రాసిన అక్షరాలు, ఎరుపుకు పసుపు నీడ, కింద కుడి మూలన చిన్నగా ఫలానా ఆర్ట్స్ అని సంతకం. ఫ్లెక్సీ ప్రింటింగ్ వచ్చాక ఈ చేతిరాత చాలావరకు పోయింది, కానీ సామాను పోగేసే గోదాముల షట్టర్లను ఎవరూ పట్టించుకోరు గనక అక్కడ బతికింది. వయసు పట్టడానికి ఒక చిట్కా కూడా ఉంది. ఫోన్ నంబరు ముందు 08712 అని పాత ఎస్టీడీ కోడ్ ఉంటే అది వరంగల్‌కు ఇప్పటి 0870 రాకముందు రాత అన్నట్టు. ఆ పెయింటర్ ఇప్పుడు ఏం చేస్తున్నాడో గానీ సంతకం మాత్రం తుప్పు కింద నుంచి ఇంకా కనిపిస్తోంది. బయటి దేశాల్లో పిల్లలు స్ప్రే డబ్బాలతో పేరు రాసుకుంటూ తిరగడాన్ని ట్యాగ్ అని పెద్ద పేరు పెట్టి చెప్తారు, మన ఆర్టిస్టులు అదే పనికి డబ్బులు తీసుకుని మరీ చేశారు!

ఇక హంస సంగతి. హన్మకొండ చౌరస్తా నుంచి అశోకా జంక్షన్ వైపు పోతుంటే ఒక బోర్డు వెనకాల, నా కళ్ల ఎత్తుకు, తెల్ల కాయితం ముక్క కనిపించింది. కొరియర్ కవర్ల మీద అంటిస్తారే, ఆ లేబుల్. దాని మీద నల్ల మార్కర్‌తో ఒక హంస. వరంగల్ కోటలో తోరణాల మీద చెక్కిన పక్షి లాంటిదే, తోక తీగలాగా మెలికలు తిరిగి ఉంది, కాళ్లకు మాత్రం హవాయి చెప్పులు. ఆ చెప్పుల పట్టీలు కూడా గీసిండు, ఒక పట్టీ తెగి పిన్నీసు పెట్టి ఉంది. ఆ పిన్నీసు దగ్గర గీత సన్నగా ఉంది, దానికోసం వేరే పెన్ను వాడినట్టున్నాడు. పై మూల ఎండకు లేచిపోయింది, లేచిన చోట దుమ్ము పట్టి నల్లబడింది, కింది సగం మాత్రం రేకుకు గట్టిగా పట్టుకుని ఉంది. పేరు లేదు, ఇన్‌స్టా ఐడీ లేదు.

ఆ తర్వాత నక్కలగుట్టలో ఒక కరెంటు డబ్బా పక్కన అదే హంస, ఈసారి స్పోర్ట్స్ బూట్లు. సుబేదారి వైపు ఒక స్తంభానికి మళ్లీ, ఈసారి ఒట్టి కాళ్లు, పక్కన విడిచిన చెప్పులు. గుడికి పోయిందేమో. బొమ్మ ఒక్కటే, మారేది చెప్పులే, అది చూశాక నాకు మనిషి అర్థమయ్యాడు. అతనో, ఆమెనో. కాలేజీ పిల్లలే అయ్యుంటారని నా అంచనా, కొరియర్ ఆఫీసులో పనిచేసేవాళ్లయినా ఆశ్చర్యం లేదు, లేబుళ్లు ఊరికే దొరికేది వాళ్లకే కదా.

ఇది కొత్త పద్ధతేం కాదు. 1989లో అమెరికాలో ప్రావిడెన్స్ అనే ఊళ్లో షెపర్డ్ ఫెయిరీ అనే డిజైన్ స్టూడెంట్, ఆంద్రే ద జెయింట్ అనే కుస్తీవీరుడి ముఖంతో స్టిక్కర్లు చేసి ఊరంతా అంటించాడు. దానికి అర్థం ఏమీ లేదు, ఇదేంది అని జనం తల గోక్కోవాలి, అంతే. ప్యారిస్‌లో ఇన్వేడర్ అని పిలుచుకునే ఒకాయన 1998 నుంచి పాత వీడియో గేమ్ బొమ్మలను చిన్న చిన్న టైల్స్‌తో గోడలకు అతికిస్తున్నాడు, అవెక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కుంటూ తిరిగే జనం వేలల్లో ఉన్నారు. అమెరికాలో ముందు నుంచీ పోస్టాఫీసు వాళ్ల ఉచిత లేబుళ్లే ఇలాంటి బొమ్మలకు కాయితం. మనకు కొరియర్ లేబుల్ దొరికింది, అంతే తేడా.

అయినా స్టిక్కర్ల విషయంలో ఈ ఊరికి ఒకరు నేర్పాల్సిన పని లేదు. తెలంగాణ ఉద్యమం రోజులు గుర్తున్నవాళ్లకు తెలుసు, ఏపీ 36 అని ఉండాల్సిన నంబర్ ప్లేట్ల మీద టీజీ అని చిన్న స్టిక్కర్ ముక్క అంటించుకుని తిరిగారు జనం, రేడియం షాపుల్లో ఆ రెండక్షరాలకు గిరాకీ అంతా ఇంతా కాదు. 2014లో రాష్ట్రం వస్తే కోడ్ టీఎస్ అని వచ్చింది, వరంగల్‌కు 03 నంబరు ఇచ్చారు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు మళ్లీ టీజీ. మా గల్లీలో ఒక పాత స్కూటర్ ఉంది, దాని ప్లేట్ మీద ఏపీ మీద అంటించిన టీజీ సగం ఊడి, కింది ఏ అక్షరం కాలు బయటికి కనిపిస్తుంటుంది. దాన్ని మ్యూజియంలో పెట్టాలంటాను నేను, అమ్ముతావా అంటే ఓనర్ నవ్వుతాడు. అంతకు ముందు తరం వాళ్లనడగండి, జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, రాత్రికి రాత్రి గోడల మీద నినాదాలు రాసిన కాలం గురించి గంటలు గంటలు చెప్తారు.

తలుపుల మీది గుర్తులను బొమ్మలని ఎవరూ అనరు గానీ నేను వాటినీ ఫొటో తీస్తా. పల్స్ పోలియో వాళ్లు చాక్‌పీసుతో రాసే పీ, ఎక్స్, పక్కన తేదీ, ఎటు పోతున్నారో చూపించే బాణం గుర్తు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే పీ, ఎవరన్నా మిగిలితే ఎక్స్. పిల్లలు పెరిగి పెళ్లిళ్లయినా కొన్ని చెక్క తలుపుల మీద పాత పీ ఇంకా చెరగలేదు. దాని పక్కనే 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే వాళ్లు అంటించిన స్టిక్కరు. గిర్మాజీపేటలో ఒక తలుపును ఇట్లా దగ్గరకుపోయి తీస్తుంటే లోపలి నుంచి ఒకమ్మ వచ్చింది.

"ఏంది బిడ్డా, మళ్ల సర్వేనా?"

కాదమ్మా ఊరికే అంటే నమ్మలేదు. ఇంటి నంబరు, రేషన్ కార్డు సంగతి మొత్తం చెప్పి, కొడుకు పేరు కూడా ఎక్కించమని అడిగింది. ఫోన్ పట్టుకుని తలుపు ముందు నిలబడితే ఎవరైనా సర్కారు మనిషే అనుకుంటారు, ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఆ టెన్షన్‌కు అలవాటు పడాల్సిందే.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక రేడియం షాపాయనకు హంస ఫొటో చూపించాను. ఆటోలకు సమ్మక్క సారలమ్మ బొమ్మలు, బైకులకు పులి కళ్లు కత్తిరించే మనిషి. చూడగానే "ఇది మనోళ్ల పని కాదన్నా, కాయితం మీద గీసిండు, రెండు వానలకు పోతది. నా దగ్గరికొస్తే వినైల్‌ల కోసిస్త, ఐదేండ్లు ఉంటది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. కాకపోతే ఆ కాయితమే నాకు నచ్చింది. మైదాతో అంటించిన సినిమా పోస్టర్‌ను ఆవు పీక్కుని తినేసే ఊళ్లో ఐదేళ్లు ఉండే బొమ్మ ఎవరిక్కావాలి!

ఒక్క విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. కోట రాళ్ల మీద, వేయిస్తంభాల గుడి దగ్గర మేకుతో పేర్లు గీసి మధ్యలో హార్ట్ గుర్తు పెట్టేవాళ్లను ఈ లెక్కలో కలపకండి. స్టిక్కర్ పీకితే పోతుంది, కాకతీయుల రాయి మీద గీత పోదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, 2010లో చట్టం మార్చి శిక్ష పెంచారు. మామూలు గోడల మీద అంటించడానికీ చట్టం ఉంది, 1997 నాటిది, అడ్డమైన పోస్టర్లతో ఊరు పాడుచేయొద్దని. నిజానికి ఆ చట్టం లెక్కన ఫ్లెక్సీలోళ్ల తర్వాతే హంస వంతు రావాలి, కానీ ఎలక్షన్ కోడ్ రాగానే సున్నం బకెట్ పట్టుకొచ్చే మనిషికి ఆ తేడా ఏం తెలుస్తుంది, అన్నింటి మీదా ఒకటే పూత పూసి పోతాడు. అందుకే కనిపించినప్పుడే ఫొటో తీసి, కింద తేదీ, గల్లీ పేరు రాసి పెట్టుకుంటున్నా. మీరు కూడా తీయండి, గోరుతో మూల లేపి చూడాలన్న ఆశ మాత్రం ఆపుకోండి.

వచ్చే నెల కరీంనగర్ పోయే పనుంది. టవర్ సర్కిల్ చుట్టూ గల్లీల్లో ఇట్లాంటివి ఏమన్నా చూశారా? జగిత్యాల వాళ్లు కూడా చెప్పండి, క్లాక్ టవర్ దాకా వచ్చి పోవడానికి నాకు ఒక సాకు దొరుకుతుంది.