రిబ్బను నాదే

గురువారం.

కొన్న వస్తువు వెనక్కి ఇవ్వడమంటే నాకు అప్పు అడగడం కన్నా కష్టం. సంచిలో పుచ్చు వంకాయ కనిపిస్తే మారు మాట్లాడకుండా పారేసే రకాన్ని. అలాంటివాణ్ణి ఇవాళ సగం రోజు సెలవు పెట్టి, 8,500 రూపాయల పతకాన్ని జేబురుమాలులో చుట్టుకుని పాతబస్తీ బస్సెక్కాను. దారి పొడవునా మాటలు పేర్చుకున్నాను. దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

పతకం మొదటి ప్రపంచయుద్ధానిది. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కిన దిగంబర వీరుడు, 1914, 1918 అంకెలు. బ్రిటిష్‌వాళ్లు ఇలాంటి వెండి పతకాలు 60 లక్షలకు పైగా పంచారు కనుక వట్టి పతకానికి పెద్ద గిరాకీ లేదు. విలువంతా అంచు మీదే. సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడే సన్నని అక్షరాల్లో ఉంటాయి. నేను కొన్నదాని మీద ఒక రౌతు పేరు, పక్కనే హైదరాబాద్ లాన్సర్స్ అని ఉంది. నిజాం పంపిన అశ్వదళం! 1914లో ఓడెక్కి ఈజిప్టుకు, సూయజ్ కాలువ కాపలాకు వెళ్లినవాళ్లు. ఢిల్లీ తీన్‌మూర్తిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. ఆ పేరు చదవగానే నా బుర్ర పనిచేయడం మానేసింది. బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

వారం రోజులు మురిసిపోయాను. పతకం బోసిగా ఉందని తపాలాలో రిబ్బను తెప్పించాను. నడుమ వెడల్పాటి నారింజ పట్టీ, దానికి అటూ ఇటూ తెలుపు, నలుపు, చివర నీలం. 250 రూపాయలు. మా ఆవిడ చక్కగా కుట్టిపెట్టింది.

ఆదివారం భూతద్దం పట్టుకుని కూర్చున్నాక మొదలైంది బాధ. అసలు పతకాల మీద పేరును అచ్చులతో గుద్దేవారు. దీని మీది పేరు చేత్తో చెక్కినది. ఒక అక్షరం తోక పక్కకు జారింది కూడా. మా అబ్బాయి చదువు కోసం కొన్న వెర్నియర్ కాలిపర్ తీసి వ్యాసం కొలిచాను. 36 మిల్లీమీటర్లు ఉండాలి. ఎటు తిప్పి కొలిచినా ముప్పై అయిదున్నర దాటలేదు. ఎవరో అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసి, ఉన్న పేరు చెరిపేసి, గిరాకీ ఉన్న పేరు చెక్కారు. పతకం అసలుదే. వెండీ అసలుదే. మనిషే మారిపోయాడు. కూలిదళాల వాళ్లకు కంచువి ఇచ్చారు కనుక, ఈ వెండిది ఏ సిపాయిదో అయి ఉంటుంది. ఏ ఊరివాడో ఇక తెలియదు.

దుకాణం పెద్దాయన నన్ను చూడగానే టీ చెప్పాడు. పని అంత తేలిక కాదని అప్పుడే అనుకున్నాను.

“వెండి కాదా?”

“వెండే.”

“ఆ యుద్ధానిది కాదా?”

“ఆ యుద్ధానిదే.”

“మరి ఇంకేమి కావాలి సార్? హైఫాలో టర్కీవాళ్లను తరిమిన వీరుడిది!”

1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని ఆ హైఫా పట్టణం మీదికి దూకింది జోధ్‌పూర్, మైసూరు రౌతులని చెప్పాను. ఈ ఊరివాడినై ఉండి ఈ ఊరి పరువు తీస్తున్నానన్నట్టు చూశాడు.

కాలిపర్ తీసి కొలిచి చూపించాను. “వందేళ్లకు వస్తువు అరగదా? డెబ్బై ఏళ్లకే నేను ఎంత అరిగానో చూడండి” అన్నాడు. నవ్వేశాను. నవ్వకుండా ఉండవలసింది. సగం బేరం అక్కడే పోయింది. “అరిగితే ముందు రాజుగారి ముక్కు అరగాలి కదా” అన్నాను కాస్త తేరుకుని. ముక్కు నిక్షేపంలా ఉంది. ఆయన పతకాన్ని వెలుగుకు పట్టి, బొటనవేలితో అంచు తడుముతూ చాలాసేపు ఉండిపోయాడు. సంగతి ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో నేను పోల్చుకోలేకపోయాను. “నేను ఎవరికి వాపసు ఇవ్వాలి?” అన్నాడు మెల్లగా. జవాబు తోచక టీ తాగాను.

బదులుగా ఇత్తడి తాళం, తర్వాత ఒక దుర్భిణి చూపించాడు. వద్దన్నాను. చివరికి, రిబ్బనుతో సహా ఇస్తే ఎనిమిది వేలు, రిబ్బను తీసేస్తే ఏడు అన్నాడు. గుడ్డముక్కకు వెయ్యి రూపాయలు! పతకం వైపు చూస్తే అర్థమైంది. నేను కొన్ననాడు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది! ఎవరి కోటు మీది నుంచో ఇప్పుడే విప్పినట్టుంది. ఆ వెయ్యి నాకు చేదు కాదు. అయినా కత్తెర అడిగాను. “ఆలోచించుకోండి” అంటూనే ఇచ్చాడు. కుట్టు గట్టిది, విప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది.

ఇంటికొచ్చి ఏడు వేలు చేతిలో పెడితే మా ఆవిడ లెక్కపెట్టుకుని, “రిబ్బను కూడా వాళ్లకే ఇచ్చేశారా?” అంది. జేబులోంచి తీశాను. దారం తెగిన చోట సన్నని చిల్లులు వరుసగా కనిపిస్తున్నాయి. ఇస్త్రీ చేస్తే పోతాయంది.