బొంబార్డ్ పట్టి ఏడు నెలలు, పెదాలింకా దారికి రాలేదు

ఫ్రాన్స్‌లో రెన్‌కి ఉద్యోగానికొచ్చి మూడేళ్లు, ఇక్కడి బ్రెతాన్ (ఫ్రాన్స్ వాయవ్యాన ఉన్న బ్రిటనీ ప్రాంతపు) సంగీతం బృందంలో చేరి ఏడు నెలలు. పద్నాలుగు మందిమి, మంగళవారం రాత్రి రెండు గంటలు ప్రాక్టీసు. తెలియనివాళ్లకి: బొంబార్డ్‌ని మన సన్నాయికి తమ్ముడనుకోండి, అలాంటి జంట పలకల పీకే (నోట్లో పెట్టి ఊదే రీడ్), చెవులు చిల్లులు పడే గొంతే, కాకపోతే పొడవు మూరెడు కూడా ఉండదు. దానికి జోడీ బినియు కోజ్, తోలు తిత్తి వాయిద్యం, బొంబార్డ్ కంటే ఒక స్థాయి పైన పలుకుతుంది. మన వీధినాటకాల్లో శ్రుతికి పట్టే తిత్తికి చుట్టమే, అయితే ఇది శ్రుతితో పాటు పాట కూడా వాయిస్తుంది.

మొదటి రెండు నెలలు పీకతోనే సరిపోయింది. ఊదే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని నానబెట్టాలి, ఆత్రపడి ఆరిన పీక ఊదితే బుస్సుమంటుంది. నేను గొప్పకి పోయి గట్టి పీక కొన్నాను, పది నిమిషాలకే పెదాలు చచ్చుబడి మూతి పక్కలనుంచి గాలి కారిపోయేది. మెత్తటిదానికి మారాక ప్రాణం లేచొచ్చింది. ఇప్పటికీ పది నిమిషాలు ఊదితే అయిదు నిమిషాలు ఆపుతాను. అయ్యాక పీకని తుడిచి గాలాడే డబ్బాలో పెడతాను, తడిగా మూసేస్తే బూజు పడుతుంది.

కింద ఫ్లాటావిడ తలుపు కొట్టిన దగ్గర్నుంచి ఇంట్లో వేళ్లు మాత్రమే ఆడిస్తూ వరసలు స-రి-గల్లో పాడుకుంటున్నాను. ఊదడం కారులో, అద్దాలు ఎక్కించి, చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని. ఆదివారం విలేన్ నది ఒడ్డుకి వెళ్తే కుక్కలు మాత్రం గొడవ పెడతాయి.

అసలు తంటా ఎక్కడొచ్చిందంటే, ఆపడంలో. ఇక్కడి పద్ధతి ప్రకారం ఒక చరణం బొంబార్డ్, బినియు కలిసి వాయిస్తాయి, తర్వాత అదే చరణం బినియు ఒక్కటే, ఆ కాసేపూ బొంబార్డ్ వాళ్లు ఊపిరి పీల్చుకుని చివరి స్వరాల మీద మళ్లీ అందుకోవాలి. నేనేమో ఆగకుండా ఊదేసేవాణ్ణి, లేదా ఆగితే అందుకోవడం మర్చిపోయేవాణ్ణి. బినియు వాయించే పెద్దాయన, రిటైరైన రైల్వే ఉద్యోగి, ఒకరోజు తిత్తి పక్కన పెట్టి లేచొచ్చి నా చిటికెన వేలికి తన చిటికెన వేలు తగిలించి, 'ముందు ఆడు' అన్నాడు. అన్ దరో అంటే వలయంగా ఆడే నాట్యం, ఎడమకి మూడు అడుగులు, ఉన్నచోటే మూడు. పదిహేను నిమిషాలు ఆడించాక వరస ఎక్కడ తిరుగుతుందో కాళ్లకి తెలిసిపోయింది, లెక్క పెట్టుకోవడం మానేశాను. నోట్స్ ప్రింటు తీసుకుని నెల రోజులు కుస్తీ పట్టిన నాకు కాస్త కడుపుమంటగానే ఉంది.

పోయిన నెల నా మొదటి ఫెస్ట్-నోజ్. అంటే రాత్రి నాట్యాల పండగ, 2012లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మా వంతు అన్ దరో ఎనిమిది నిమిషాలు సాగింది, అయిదో నిమిషంలో నా పీక పగిలింది. వలయంలో ఆడేవాళ్లు ఆగలేదు, పెద్దాయన ఒక్కడే లాక్కొచ్చాడు, నేను మిగతా మూడు నిమిషాలూ వేళ్లు ఆడిస్తూ నిలబడ్డాను. అప్పట్నుంచి చొక్కా జేబులో ఇంకో పీక ఉంటోంది.

ఈ నెల పని హాంతర్ దరో అనే ఇంకో నాట్యం. అది మూడు దెబ్బలది, నా కాలింకా నాలుగోది వెతుక్కుంటోంది.