పాత స్విఫ్టా, కొత్త కారా, నాలుగు సెంట్ల స్థలమా?

చీటీ పాడుకున్న డబ్బు చేతికొచ్చిన నెలలోనే చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకు 28 శాతం పన్ను, పైన సెస్సు పోయి 18 శాతమే అయింది. దసరా దగ్గర్లో ఉంది. పాలకొల్లులో మేం అద్దెకుంటున్న వీధిలో కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించని ఇల్లు తక్కువ. మా బావమరిది ఫోన్ మీద ఫోన్. "బావగారూ, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు కొంటారు?"

నాది 2012 స్విఫ్ట్ డీజిల్. నేను రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ని. పొద్దున బయల్దేరితే వీరవాసరం, మొగల్తూరు, నరసాపురం చుట్టుపక్కల చెరువు గట్లే నా రోడ్లు. ఉప్పు గాలి, ఉప్పు నీళ్ళు, గుంతలు. పదమూడేళ్ళుగా ఆ బండి నన్ను ఎక్కడా నడిరోడ్డు మీద వదిలేయలేదు. కానీ గతుకులో పడితే కింద ఏదో కొట్టుకుంటున్న చప్పుడు, ఎడమ తలుపు కింద పెయింట్ పొంగు, క్లచ్ బరువు. ఏదో ఒకటి చేయక తప్పదు.

నాతో పనిచేసే కుర్రాడు మాడిఫై చేయించమన్నాడు. అలాయ్ వీల్స్, పెద్ద టైర్లు, బండిని పైకి లేపే స్పేసర్లు, ఆండ్రాయిడ్ స్టీరియో, ఇంజిన్ ట్యూనింగ్. రాజమండ్రిలో ఒక షాపువాళ్ళు 1,40,000 అని లెక్క వేసి ఇచ్చారు. మా ఆవిడ మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే మాట: "నెలకి తొమ్మిది వేలు అద్దె కడుతున్నాం. ఆ డబ్బు స్థలం మీద పెట్టండి." ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. లెక్క రాయకుండా ఏ మాటా అనదు.

ముందు మాడిఫికేషన్ సంగతి తేల్చుకున్నాను, ఎందుకంటే మనసు అటే లాగుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. స్టీరియో, సీటు కవర్లకు ఇబ్బంది లేదు. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించుకోవాలి. ఇంజిన్, ఛాసిస్ జోలికెళ్తే చిక్కే. ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పకుండా మార్పులు చేస్తే యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతుంది.

చట్టం పక్కన పెట్టినా నా పనికి అది పనికిరాదు. నాది వీడీఐ మోడల్, దానికి కంపెనీ ఇచ్చిన టైరు 165/80 ఆర్14. చూడ్డానికి సన్నగా, పాతకాలంగా ఉంటుంది. కానీ ఆ టైరు గోడ ఎత్తు, అందుకే చెరువు గట్టు మీద రాయి తగిలితే ముందు రబ్బరు అణుగుతుంది, రిమ్ముకి దెబ్బ తగలదు. అదే పెద్ద అలాయ్‌కి గోడ తక్కువ టైరు వేస్తే ప్రతి గుంతా నేరుగా రిమ్ముకే. ఫొటోకి బాగుంటుంది, మొగల్తూరు గట్లకు కాదు. ఆ కొటేషన్ అక్కడితో మడిచి పెట్టేశాను.

తర్వాత బండిని మా మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీదకు ఎక్కించాం. పాత కారు ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు బానెట్ కింద కన్నా బండి అడుగునే ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం. ఇంజిన్ని ఎలాగైనా బాగుచేయొచ్చు. బాడీ కుళ్ళిపోతే ఆ కారులో పిల్లల్ని కూర్చోబెట్టలేం. అతను స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా తట్టుకుంటూ వెళ్ళాడు. ఫ్లోర్, ముందు ఛాసిస్ ఖంగుమన్నాయి. ఎడమ వైపు తలుపుల కిందుండే రన్నింగ్ బోర్డు దగ్గర చప్పుడు మారింది, మెత్తగా. స్క్రూడ్రైవర్ తిప్పి పొడిచేసరికి లోపలికి దిగిపోయింది. కన్నంలోంచి ఎండిన చెరువు మట్టి, దాంతో పాటు తుప్పు పొరలు చెక్కుల్లా రాలాయి.

"చూడండి సార్, ఇది పైనుంచి వచ్చిన తుప్పు కాదండి. నీళ్ళు కిందికి పోయే కన్నాలు బురదతో పూడిపోయాయి. ఉప్పునీళ్ళు లోపలే నిలబడి తినేశాయండి," అన్నాడు. తలుపుల కింద, రన్నింగ్ బోర్డు కింద అలాంటి చిన్న కన్నాలు ప్రతి కారుకీ ఉంటాయి. మన వైపు బండ్లకు వాటిని పుల్ల పెట్టి శుభ్రం చేయడం పాలిష్ కొట్టించడం కన్నా ముఖ్యం. ఇంకో మాట కూడా చెప్పాడు, అందరికీ పనికొచ్చేది. తుప్పు గీకి, ఆరబెట్టకుండా పైన నల్లటి అండర్ కోటింగ్ కొడితే తడి లోపలే ఉండిపోయి ఇంకా తొందరగా తింటుంది. అందుకే ముందు కుళ్ళిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టి, లోపలికి వాక్స్ పంపించి, ఆ తర్వాతే కోటింగ్.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత తీసి చూశాడు. పొగ తన్నలేదు, అంటే ఇంజిన్ లోపల బాగానే ఉందన్నమాట. చల్లారిన ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. టింకరింగ్, పెయింటింగ్‌కి 14,000, లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు, ముందు షాక్ అబ్జార్బర్లకు 19,000, క్లచ్ సెట్టు 12,500, అదే సైజులో నాలుగు టైర్లు 18,000. మొత్తం 63,500.

ఇక కొత్త కారు. షోరూంలో నచ్చిన చిన్న ఎస్‌యూవీ ఆన్ రోడ్ 10,40,000 అయింది. మన స్విఫ్ట్‌కి ఎక్స్‌చేంజ్‌లో 1,60,000 ఇస్తామన్నారు, 80,000 చేతి నుంచి, మిగతా 8 లక్షలు లోను. 9 శాతం వడ్డీతో ఏడేళ్ళకు ఈఎంఐ 12,900 దగ్గర పడుతుంది. ఏడేళ్ళలో వడ్డీయే 2,80,000 దాటుతుంది. జీఎస్టీ తగ్గి మిగిలిందంతా వడ్డీలో పోయి, ఇంకా మనమే ఎదురిచ్చినట్టు. పైగా అది పెట్రోలు. అప్పుడు మన దగ్గర పెట్రోలు లీటరు 109 రూపాయల పైన, డీజిల్ 97 దగ్గర ఉన్నాయి. నా స్విఫ్ట్ లీటరుకి 19 ఇస్తుంది, అది గట్ల మీద 15 ఇస్తే గొప్ప. నెలకి 1500 కిలోమీటర్లు తిరిగే నాకు ఇంధనం ఖర్చే 3,000 పైన పెరుగుతుంది. డీజిల్ మోడల్ చూద్దామంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చే బీఎస్6 బండ్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజంతా ఫస్టూ సెకండూ గేర్లలో తిరిగే నాలాంటివాళ్ళకు అది తలనొప్పి.

సెకండ్ హ్యాండ్ కూడా రెండు మూడు చూశాం. ఒకటి తళతళలాడుతోంది. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూశాను. మొదట్లో శుభ్రంగా ఉంది, చివరి జానెడు మాత్రం గోధుమరంగు చార. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. నీట మునిగిన బండి అది. గోదావరి జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళెవరైనా ఆ బెల్టు ఒక్కటి లాగి చూడండి, దయచేసి.

అయినా మనసు కుదుటపడలేదు. కొత్త కారు మీద ఆశ అంత తేలిగ్గా పోదు. తేల్చింది మా ఆవిడ నోటుపుస్తకంలో వేసిన ఒక లెక్క. బ్యాంకులో ఇంటి లోను గురించి అడగడానికి ఇద్దరం వెళ్ళాం. మా ఇద్దరి జీతాలు కలిపి 65,000. అన్ని ఈఎంఐలూ కలిపి అందులో సగం దాటకుండా చూస్తామన్నారు, అంటే 32,500. 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకు లక్షకి ఈఎంఐ 868 రూపాయలు. ఆ లెక్కన మాకు 37 లక్షల దాకా అర్హత వస్తుంది. ఇప్పుడు కారు ఈఎంఐ 12,900 తీసేయండి. మిగిలేది 19,600. అర్హత 22 లక్షల చిల్లరకు పడిపోతుంది. అంటే 8 లక్షల కారు లోను మా ఇంటి లోనులో దాదాపు 15 లక్షలు మింగేస్తుంది. అంత అప్పు చేస్తామా లేదా అన్నది వేరే సంగతి, కానీ ఆ దారే మూసుకుపోతుంది కదా. ఆ పేజీ చూశాక నాకు వేరే వాదన దొరకలేదు.

రెండో కారణం నా ఉద్యోగం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. మన వనామీ రొయ్యకి పెద్ద గిరాకీ అక్కడిదే. రేటు పడింది, పిల్ల వేయకుండా చెరువులు ఎండగట్టిన రైతులున్నారు. మేత అమ్మకం తగ్గితే నా ఇన్సెంటివ్ తగ్గుతుంది. రైతులు బాకీలు తీర్చలేక తలపట్టుకుని కూర్చున్న గట్ల మీదే తిరుగుతూ ఏడేళ్ళ ఈఎంఐ నెత్తిన పెట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

బండి బాగుచేయించి స్థలం వెతకడం మొదలుపెట్టాం. ఇక్కడ మా నాన్న మాట చాలా ఉపయోగపడింది. రాజోలు దగ్గర మా ఊళ్ళో పెంకుటింట్లో ఉంటారు, 1986 ఆగస్టు వరద కళ్ళారా చూసిన మనిషి. "కాగితాలు తర్వాత చూద్దువుగాని, ఎనభై ఆరులో అక్కడ నీళ్ళెంత వచ్చాయో ముందు కనుక్కోరా," అన్నారు. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది. 2022 జులైలో వచ్చింది 25 లక్షల పైన. స్థలం చూపించేవాళ్ళు 2022 సంగతే చెబుతారు. వయసు మళ్ళినవాళ్ళను పట్టుకుని 1986 సంగతి అడగాలి.

ఇంతలో మొంథా తుపాను. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. వాన తగ్గాక, అంతకుముందు మాకు నచ్చిన చవక లేఅవుట్‌కి వెళ్ళి చూశాం. పక్కన డ్రెయిన్ స్థలం కంటే ఎత్తులో ఉంది. నీళ్ళు మోకాలి లోతున నిలబడి ఉన్నాయి, పోయే దారి లేదు. ఎండలో చూస్తే ఇది తెలిసేదే కాదు. మా వైపు స్థలం కొనేవాళ్ళు వానలు పడ్డాక ఒకసారి చూసి తీరాలి.

చివరికి దిగమర్రు వైపు నాలుగు సెంట్లు కుదిరింది, సెంటు 3 లక్షలు. లేఅవుట్ అప్రూవల్ ఉంది, స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ముప్పై ఏళ్ళ ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు అన్నీ చూపించారు. వ్యవసాయ భూమిగానే ఉన్న చోట అయితే బ్యాంకు దగ్గరికే రానివ్వదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 90,000. దానికి బ్యాంకు అప్పివ్వదు, చేతిలో ఉంచుకోవాలి. చీటీ డబ్బు, దాచుకున్నది కలిపి పెట్టి, 6,70,000 లోను తీసుకున్నాం. పదిహేనేళ్ళకు నెలకు 7,000 లోపే. కారుకి కడదామనుకున్న 12,900లో మిగిలిన 6,000 ఇంటి కోసం ఆర్‌డీలో పడుతోంది.

ఇల్లు కట్టడానికి ఇంకా టైముంది, కానీ మెరక పనికి లేదు. మాది నల్లమట్టి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. రోడ్డు కన్నా ఎత్తు రావాలంటే మూడడుగులు పోయాలి. నాలుగు సెంట్లంటే 1,742 చదరపు అడుగులు, యూనిట్ అంటే వంద ఘనపుటడుగుల లెక్కన సుమారు 52 యూనిట్ల మట్టి. తాపీమేస్త్రి ఒక వానాకాలం దాన్ని కుంగనివ్వమన్నాడు. అప్పుడు కూడా మనం పోసిన మట్టి మీద పునాది నిలబడకూడదు, నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు, అంటే పైల్స్, కింద గట్టినేల దాకా దిగాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కాంక్రీటుకి వాడొద్దన్నాడు, ఇనుప ఊచలు లోపల్నుంచి తుప్పు పడతాయని. రన్నింగ్ బోర్డు చూసిన నాకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. సిమెంటు మీద జీఎస్టీ కూడా అదే సెప్టెంబరులో 28 నుంచి 18కి తగ్గింది, దాని లాభం ఏమైనా ఉంటే కట్టేటప్పుడు తెలుస్తుంది.

మట్టి తోలే ట్రాక్టర్లకు మే నెలకి బయానా ఇచ్చాం. స్విఫ్ట్ ఆర్‌సీకి 2027లో పదిహేనేళ్ళు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్‌కి పెట్టి ఐదేళ్ళకు రెన్యువల్ చేయించాలి, ఫీజు 5,000, పైన గ్రీన్ ట్యాక్సు. దానికి మూడు నెలల ముందు బండిని మళ్ళీ లిఫ్ట్ ఎక్కించి రెండు వైపులా రన్నింగ్ బోర్డులు తట్టి చూద్దామని మెకానిక్‌తో అనుకున్నాం. మెత్తగా మోగితే అమ్మేస్తాం, ఖంగుమంటే ఉంచుకుంటాం.