నీటిబొట్టు కిటికీ

రాత్రి పన్నెండున్నర. సింకు కింద పెట్టిన గిన్నెలో చుక్కలు పడుతూనే ఉన్నాయి. సింకు కారుతోంది, ఆ భాగోతం ఇప్పుడు ఎత్తను. నిద్ర పట్టనిది మాత్రం దానివల్ల కాదు.

సాయంత్రం అత్తయ్యగారి మందులు తీసుకుని వస్తుంటే ఇక్కడ లాస్ ఏంజెలెస్‌లో షెర్మన్ వే రోడ్డు సిగ్నల్ దగ్గర నా పక్కన ఒక తెల్ల వ్యాను ఆగింది. పైన నిచ్చెన, పక్కన నీలం అక్షరాల్లో ప్లంబింగ్ అని, దాని కింద ఫోన్ నంబరు. ఇలాంటివి రోజుకి వంద కనిపిస్తాయి. కానీ వెనక చక్రానికి కాస్త పైన నీటిబొట్టు ఆకారంలో కిటికీ ఉంది. దాని చుట్టూ ఉన్న రబ్బరుకి కింది మూల చిన్న అతుకు. ఆ అతుకు వేసినప్పుడు టార్చిలైటు పట్టుకున్నది నేనే.

మా పాత ఇంట్లో కింద వాటాలో ఉండే పెద్దాయన వ్యాను. పక్కల మీద ఆయన వేసిన బొమ్మలేవీ లేవు. తోడేలు లేదు. మంచుకొండ లేదు. చందమామ లేడు. ఫ్రిజ్ తలుపులాంటి తెలుపు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా.

ఇంటికొచ్చి ఈయనకి చెప్తే, "తెలుపైతే ఎండకి వేడెక్కదు, మళ్ళీ అమ్మినా రేటొస్తుంది" అన్నారు. ఆ మాటతో నాకు ముద్ద దిగలేదు. గోరుచిక్కుడు కూర పళ్ళెంలోనే వదిలేసి లేచాను. అందరూ పడుకున్నాక దీపావళి ప్రమిదల డబ్బా కింద ఉన్న డీవీడీ వెతికి తీశాను. పెద్దాయన నాకిచ్చి పదేళ్ళు దాటింది. ఒక్కసారీ పూర్తిగా చూడలేదు. 'ద వ్యాన్'. 1977లో వచ్చింది, శామ్ గ్రాస్‌మన్ తీశాడు. కార్లలో కూర్చుని చూసే డ్రైవ్-ఇన్ థియేటర్ల కోసం చవగ్గా సినిమాలు తయారుచేసే క్రౌన్ ఇంటర్నేషనల్ వాళ్ళది.

దాన్ని ప్రేమించాలనే కూర్చున్నాను. ప్రేమించలేకపోయాను, అదింకో బాధ. కథ అనేంత కథ లేదు. బాబీ అని ఒక కుర్రాడు, అప్పుడే హైస్కూలు అయింది, కార్లు కడిగే చోట పని. కూడబెట్టుకున్న డబ్బు పోసి 'స్ట్రెయిట్ ఆరో' అనే వ్యాను చేయించుకుంటాడు. లోపల నీళ్ళ పరుపు, పైకప్పుకి అద్దం. అదంతా అమ్మాయిల కోసమే. టీనా అనే పిల్ల వద్దంటున్నా వినడు. ఆ పిల్లే తర్వాత అతనితో ప్రేమలో పడుతుంది. అక్కడ ఆపేసి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. మా చిన్నది పక్కన కూర్చుని ఉంటే ఏం చెప్పేదాన్ని? అప్పట్లో అలాగే తీసేవారులే అని సర్దుకోవడం నా వల్ల కాదు. అప్పటి ఆడపిల్లకి మాత్రం వద్దు అంటే వద్దు కాదా? ఆ కుర్రాడి మీద కాదు నా కోపం, అది సరదా సీను అనుకుని కెమెరా పెట్టినవాళ్ళ మీద.

డానీ డివిటో ఉన్నాడు అందులో, కార్లు కడిగే షాపు ఓనరు. టీవీలో పేరు రాకముందు డివిటో. పందేల పిచ్చి ఉన్న మనిషిగా వేశాడు. అతను తెర మీదికి వచ్చినప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చేది. ఇక ఆ పాట. శామీ జాన్స్ పాడిన 'షెవీ వ్యాన్', 1975లో బిల్‌బోర్డ్ అనే అమెరికా పాటల పట్టికలో అయిదో స్థానం దాకా వెళ్ళింది. పాట షెవర్లే కంపెనీ బండి గురించి, సినిమాలో బండి మాత్రం డాడ్జ్ కంపెనీది. పెద్దాయన ఈ మాట ఎన్నిసార్లు చెప్పేవారో. ఆయనదీ డాడ్జే, 1974 ట్రేడ్స్‌మన్. ఆ తప్పు ఆయన్ని సొంతంగా ఎవరో అవమానించినట్టే బాధపెట్టేది.

2002 వేసవి. మేము లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్‌లో అపార్ట్‌మెంట్ మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. నాకు పని చేసే వీసా లేదు, లైసెన్సు లేదు, పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా గోడలే. కింద వాటా పెద్దాయన రోజూ షెడ్డు తలుపెత్తి ఆ వ్యాను తుడుచుకునేవారు. ఒకరోజు చెత్త పారేసి వస్తుంటే పిలిచి వెనక తలుపులు రెండూ తీశారు. లోపల గోడలకీ పైకప్పుకీ కూడా నారింజ రంగు కార్పెట్టు, మేకపిల్ల ఒంటి మీద బొచ్చులా. ముదురు మెరూన్ వెల్వెట్టు, మధ్యమధ్య గుండీలు కుట్టి. పాటల క్యాసెట్లు వేసే పాత ఎయిట్-ట్రాక్ ప్లేయరు, పక్కన బండ్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియో మైకు. పాత పొగాకు వాసన, నిమ్మకాయ పాలిష్ వాసన కలిసి గుప్పుమన్నాయి. ఎనిమిది నెలలుగా ఈ దేశంలో నేను చూసినదంతా లేత గోధుమరంగు. అంత రంగు ఒక్కసారిగా చూసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా చిన్న మామయ్య లారీ గుర్తొచ్చిందని చెప్పాను. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించాక పెయింటరు మూడురోజులు కూర్చుని నెమళ్ళు వేశాడని. ఎలా ఉంటాయో గీయమన్నారు. మందుల చీటీ వెనక బాల్‌పెన్నుతో గీసిచ్చాను. ముక్కు వంకరగా వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి డాష్‌బోర్డుకి అంటించారు.

ఆ తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు ఆయన నోట డెబ్బైల నాటి వ్యాన్ల పిచ్చివాళ్ళ కబుర్లు విన్నానో. సామాన్లు మోసే వ్యాన్లకి పక్కన కిటికీలుండవు కదా, ఆ ఖాళీ రేకే వాళ్ళకి గోడ. పాత డెలివరీ బండి చవగ్గా దొరికేది, కొని రంపంతో రేకు కోసి కిటికీ పెట్టేవారు, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో బొమ్మలు వేసేవారు. 1973లో కొలరాడోలో ఈ వ్యాన్లవాళ్ళ మొదటి జాతీయ సభ జరిగిందట, అడవిలో వ్యాన్లన్నీ వరసగా. బుధవారం రాత్రులు వాన్ నైస్ బులివార్డ్ మీద నత్తనడకన ఊరేగింపు. 1976 కల్లా డాడ్జ్ కంపెనీయే 'స్ట్రీట్ వ్యాన్' అని అమ్మడం మొదలుపెట్టింది, ఫోర్డ్ కూడా గుండ్రటి కిటికీతో 'క్రూజింగ్ వ్యాన్' తెచ్చింది. "కంపెనీవాళ్ళు తయారుచేసి ఇచ్చాక ఇంకేముంది" అని ఆ మాట దగ్గర గొంతు తగ్గించేవారు. ఆ తర్వాత పెట్రోలు ధరలు, పిల్లలు, 1984 మోడల్‌గా వచ్చిన మినీవ్యాన్లు.

పోయిన ఏడాది ఆయన పోయారు. కొడుకు వచ్చి వ్యాను అమ్మేశాడు. ఇందాకటి దాకా ఆ కొడుకు మీద పళ్ళు నూరుతూ ఉన్నాను. తండ్రి చేతిపని, ఒక్క ఫోటో అన్నా తీసుకున్నాడో లేదో, తెల్లరంగు కొట్టేవాడికి ఎలా ఇచ్చాడు, ఇంకా చాలా. పైన రెండు పేరాలు రాసి కొట్టేశాను కూడా.

ఎందుకు కొట్టేశానంటే, ఫిబ్రవరిలో ఆ అబ్బాయి మాకు ఫోన్ చేశాడు. నాన్నకి మీరంటే ఇష్టం, బండి మీరు ఉంచుకుంటారా, డబ్బులేమీ వద్దు అన్నాడు. గరాజ్‌లో రెండు కార్లున్నాయి, బయట పెడితే ఇరుగుపొరుగు ఊరుకోరు, అని చెప్పింది నేనే. ఈయన కాదు, నేను. ఆలోచించి చెప్తానని కూడా అనలేదు. ఆ అబ్బాయి ఉండేది రెండుగదుల అపార్ట్‌మెంట్‌లో. ఇంకేం చేస్తాడు?

సినిమా చివర్లో రేసులో 'స్ట్రెయిట్ ఆరో' బోల్తా పడుతుంది. అప్పటిదాకా ఆ సినిమాని తిట్టుకుంటూ చూసినదాన్ని, ఆ రేకు నేలకి రాసుకుంటుంటే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. దర్శకుడికి అమ్మాయిల గురించి ఏమీ తెలియదు కానీ, ఆ బండిని చూపించినప్పుడల్లా కెమెరా తుడిచి తుడిచి చూపించింది. పెద్దాయన గుడ్డతో తుడిచినట్టే. ఇది ఒప్పుకోకపోతే అన్యాయం. ఆ టీనా సీను మాత్రం ఎప్పటికీ క్షమించను.

ఇంకోటి గుర్తొస్తోంది. ఆ తోడేలు కూడా మొదటి బొమ్మ కాదు. దాని కింద సముద్రపు అల ఉంది, అల కింద ఒక అమ్మాయి పేరు ఉంది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని రేకు మీద పెట్టించి, కళ్ళు మూసుకుని తడమమన్నారు. టేపు అంటించి రంగు కొట్టి పీకేసిన చోట్ల సన్నని గట్లు వేలికి తగిలాయి. చీర మీద కుట్టులాగా. "చెరిపెయ్యలేదు, పైన వేశానంతే" అన్నారు.

మరి ఈ తెలుపు వేసినవాళ్ళు ముందు గరుకు కాగితంతో రేకు దాకా గీకేశారా, లేక పైనే కొట్టేశారా? ఒకటిన్నరయింది, ఇదే తిరుగుతోంది బుర్రలో.

సిగ్నల్ దగ్గర ఆ నంబరు ఫోన్‌లో ఎక్కించుకున్నాను. పొద్దున్న ఎనిమిదికి చేస్తాను. సింకు కారుతోంది, రమ్మంటాను.