రెండు టీసీలు

బడి తెరిచి వారం కాలేదు, అప్పుడే రెండు టీసీలు రాశాను. అక్క ఐదో తరగతి, తమ్ముడు నాలుగు. పొద్దున్నే ఊళ్లోకొచ్చే పసుపు రంగు బస్సెక్కుతారట. 23 మందిమి 21 అయ్యాం.

మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. కాగితం మీద మేమూ ఇద్దరమే. రెండో మేడం ‘వర్క్ అడ్జస్ట్‌మెంట్’ (తాత్కాలిక సర్దుబాటు) మీద పక్కూరి బడికి వెళ్లి ఏడాది దాటింది. అక్కడా ఆమె అవసరమే, కాదనను.

పిల్లల్ని బడిలో చేర్పించమని ఇల్లిల్లూ తిరిగే బడిబాటలో ఆ పిల్లల ఇంటికీ వెళ్లాను. ఇంగ్లీష్ మీడియం, పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్నం అన్నం, అన్నీ చెప్పాను. వాళ్లమ్మ పత్తి గింజలు పెట్టబోతూ గడపలో ఆగింది.

“అన్నీ మంచిగనే ఉన్నయి సార్. ఐదు తరగతులకు మీరొక్కలే ఉంటిరి. మీరు మీటింగుకు పోతే పిల్లలు ఎవల మొకం చూడాలె?”

నా దగ్గర జవాబు లేదు. మంచినీళ్లు తాగి వచ్చేశాను.

తమ్ముడు నిరుడు మూడో తరగతి. చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే తొలిమెట్టు పరీక్ష పెడితే గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. ‘చెట్టు’ని ‘చెటు’ అనేవాడు. 42లోంచి 17 తీసెయ్యమంటే 35 రాసేవాడు. “రెండుల ఏడు పోదు గద సార్, అందుకే ఏడులకెల్లి రెండు తీసిన” అని వాడి న్యాయం. చింతగింజలు పదేసి లెక్కపెట్టించి పొట్లాలు కట్టించాను. నాలుగు పొట్లాలు, రెండు విడి గింజలు. ముందు ఏడు గింజలు ఇవ్వరా అన్నాను. కాసేపు నా వైపు, కాసేపు గింజల వైపు చూసి, మెల్లగా ఒక పొట్లం దారం ముడి విప్పాడు. దానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఒకటో తరగతి పిల్లలు వరండాలో ‘అ’ దిద్దుతూనే ఉన్నారు. పలక మీద అక్షరం వేలెడు మందమైంది.

ఇక ఎంతమంది వెనకబడ్డారో నెలనెలా పైకి పంపే శాతాల సంగతి. నిరుడు మూడో తరగతిలో ఉన్నదే ముగ్గురు. ఒకడు వెనకబడితే 33 శాతం వెనకబడినట్టు!

నిన్న టీసీ తీసుకున్నాక తమ్ముడు అల్మారా దగ్గరే నిలబడ్డాడు.

“పొట్లాలు తీస్కపోవాల్నా సార్?”

రెండిచ్చాను. మిగిలినవి ఈ ఏడాది మూడో తరగతిలోకి వచ్చినవాళ్లకు కావాలి.