నాలుక మీద గాటు

తెలివి వచ్చేసరికి నోరంతా రక్తం. ఒళ్లు రోకలితో దంచినట్టు ఉంది. అమ్మ నా పాదాలు రుద్దుతూ ఏడుస్తోంది. నాన్న చేతిలో స్టీలు చెంచా. ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

నాలుక కొరుక్కుంటున్నానని నాన్న పళ్ల మధ్య చెంచా దూర్చారట. పక్కింటి అత్తయ్య నా గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టిందట. నాలుక కుడి అంచు లోతుగా తెగింది. అది కాక కింది పన్ను ఒకటి సగానికి విరిగింది. పన్ను విరిగింది మాత్రం చెంచా వల్లే.

పొద్దున్నే ఏమీ తినక కళ్లు తిరిగాయని ఇంట్లో అందరూ అనుకున్నారు. న్యూరాలజిస్ట్ మాత్రం "నాలుక బయటపెట్టమ్మా" అని టార్చ్ వేసి చూశారు. మామూలుగా కళ్లు తిరిగి పడినవాళ్లకు నాలుక పక్కన ఇలా తెగడం చాలా అరుదని, ఫిట్స్‌లో దవడలు బిగుసుకుపోయి తెగుతుందని చెప్పారు. తర్వాత మెదడుకు ఈఈజీ, ఎమ్మారై పరీక్షలు. ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటమ్ 500 ఎంజీ మాత్రలు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

"నాలుక మింగేస్తుందేమోనని భయం వేసిందండీ" అన్నారు నాన్న తల దించుకుని. నాలుక మింగడం అనేది జరగదని, నోట్లో ఏదీ పెట్టకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడమని, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయమని డాక్టర్ నిదానంగా వివరించారు.

ఆ వారం నరకమే. చల్లటి మజ్జిగన్నం మెత్తగా పిసికి, ఎడమవైపు నుంచి మింగేదాన్ని. చిటికెడు కారం తగిలినా ప్రాణం పోయేది. 'ర' పలకడానికి నాలుక తిరిగేది కాదు. గాయం మీద తెల్లటి పొర కట్టితే చీము పట్టిందని హడలిపోయాను. అది మానే లక్షణమేనట. ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ ఉంటే పది రోజుల్లో పూడింది. పంటికి మాత్రం రూట్ కెనాల్, క్యాప్ తప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత చెల్లి పెళ్లి హడావుడిలో రెండు రాత్రులు నిద్ర లేదు, మాత్రలూ మర్చిపోయాను. మళ్లీ వచ్చింది. నాలుక మళ్లీ తెగింది, కానీ పళ్లన్నీ క్షేమం. కళ్లు తెరిచేసరికి నేను ఎడమవైపు తిరిగి పడుకుని ఉన్నాను, తల కింద నాన్న కండువా మడత.

"రెండు నిమిషాలే తల్లీ, గడియారం చూస్తూనే ఉన్నా" అన్నారు.